ఏది స్వదేశయాత్ర? ఏది పరదేశయాత్ర?

సెలవు దొరికినవారు ఊరు కదలి ఎచ్చటికైన పోయివచ్చినచో, "మన దేశములోనే తిరిగివచ్చిరా, విదేశమునకు పోయివచ్చిరా?" అని ఇరుగుపొరుగువారు అడుగుట నేడు పరిపాటి యైనది. పాసుపోర్టు చూపవలసిన చోటు విదేశము, చూపనక్కరలేని చోటు స్వదేశము అని దీనికి ఎవరైనను బదులు చెప్పగలరు. కాని ఈ కొలబద్ద మిక్కిలి క్రొత్తది. మన ముత్తాతలు దీనిని ఎరుగరు. వారెరిగిన కొలబద్దలు వేరు. అవియు ఒక్క తీరున నిలిచినవి కావు. తెలుగువాడు గడప విడిచి పోయినప్పుడు ఏ మేరవరకు తన యింట నున్నట్లు, ఏ మేర దాటిన పిదప పరాయిచోట నున్నట్లు లెక్కింపబడెనో విచారించినచో, ఆ మేర పలుమార్లు జరిగినదని తెలియును. ఒక్కొక్కప్పుడు మనుష్యుడు ఉన్నచోటనే యుండగా మేరయే అతనిని దాటిపోయినది. గ్రంథాలయ పాఠకులకు ఈ సంగతి కొంత వినోదమును, కొంత విచారమును కలిగింపగలదని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

మొదట ‘సెలవు’ అను మాటనే చూతము. ఈ మాటకు అనుజ్ఞ అని ఒక అర్థమును, ఖర్చు అని మరియొక అర్థమును పూర్వపు వాడుకలో కలవు. పెద్దలు సెలవిచ్చిరనగా పలికిరనియో, ఆజ్ఞాపించిరనియో భావము. ‘సెలవు పుచ్చుకొందును’ అనగా పోయివత్తునని చెప్పుట. కనుక సెలవనగా ఊరక పని లేని దినము కాదు. పైవారి అనుమతితో కదలుట. కదలినవానికి వ్యయము తప్పదు గనుక రెండవ అర్థమును చక్కగనే పొసగినది. ఇక ‘పరదేశి’ అను మాట. దాని అసలర్థము అన్యదేశపువాడని. మన యిండ్లలో మాత్రము నిలువ నీడ లేక, పిడికెడు మెతుకులకై వాకిట నిలిచినవానిని పరదేశి యందురు. ఇల్లు విడిచి జాడ తెలియక పోయినవానిని ‘దేశములు పట్టిపోయినాడు’ అందురు. అన్నము పెట్టు బంధువు లేని చోటెల్ల మనవారికి పరదేశమే యని ఈ మాటలవలన తేలుచున్నది.

సేద్యపు పల్లెకు సెలవు దినముల పట్టిక లేదు. ఏరువాక పున్నమనాడు నాగలి పట్టిన రైతు కోతలు, నూర్పిళ్లు ముగియువరకు దానిని విడువలేడు. సంక్రాంతికి ధాన్యము ఇల్లు చేరును. కూతుళ్లు, అల్లుళ్లు వత్తురు. అది ఇంటిపట్టున చేసికొను సెలవు. మాఘమునుండి వైశాఖమువరకు బండ్లు కట్టుకొని కోటప్పకొండ తిరునాళ్లకో, భద్రాచలమున కల్యాణమునకో, సింహాచలమున చందనయాత్రకో పోవుదురు. ఉప్పు, చింతపండు, బియ్యము మూటలు కట్టుకొని, చెట్టుక్రింద మూడు రాళ్లు పెట్టి వండుకొని తిందురు. ఇట్టి ప్రయాణమున స్వదేశ పరదేశ విచారమునకు తావే లేదు. ఆ విచారము శాస్త్రములందు కనబడును.

బౌధాయన ధర్మసూత్రము కొన్ని దేశములను పేర్కొని, అచ్చటికి పోయివచ్చినవాడు ఇష్టి చేసి శుద్ధుడు కావలెనని విధించినది. ఆ పట్టికలో కళింగము కలదు. అంతేకాక, కళింగమునకు పోయినవాడు పాదములతో పాపము చేసినవాడగునని ప్రత్యేకముగా చెప్పబడినది. శ్రీకాకుళ ప్రాంతమువారు దీనిని చదివినచో నవ్వుకొందురు. కళింగరాజుల నగరము మన ముఖలింగమేయని చరిత్రకారులు నిర్ణయించిరి గదా! పుట్టి పెరిగిన ఊరు ఒక ధర్మసూత్రకారుని దృష్టిలో పరదేశము, అపవిత్రదేశము. అయితే తరువాతి స్మృతివచనము ఈ కాఠిన్యమును కొంత సడలించినది. అంగ వంగ కళింగ సౌరాష్ట్ర మగధములకు తీర్థయాత్రకై పోయినచో దోషము లేదు. మరి యే పనిమీద పోయినను పునఃసంస్కారము కావలెనని దాని తాత్పర్యము. పోయిన చోటు ఒకటే; పోయిన పని తేడా. వర్తకమునకైనచో పరాయినేల, గయాశ్రాద్ధమునకైనచో మన నేల. నేటి వీసా కార్యాలయములు ‘ఏ పనిమీద పోవుచున్నారు?’ అని అడుగుట క్రొత్త సంగతియేమియు కాదని నాకు తోచుచున్నది.

సముద్రయానమును గూర్చి శాస్త్రము మరింత కఠినము. ఓడయెక్కి దూరదేశములకు పోవుట కలియుగమున కూడని పనులలో ఒకటిగా నిబంధనకారులు లెక్కించిరి. కాని తీరవాసులు శాస్త్రమును చూచి తెరచాపలు దింపలేదు. శాతవాహనుల నాణెములపై ఓడ బొమ్మలు కలవు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. పూర్వరాజులు గాలివానకు తమ తీరమున పడిన ఓడల సరకునెల్ల లాగుకొనుచుండగా, తాను తగిన సుంకము తప్ప మరేమియు ముట్టనని అందు పరదేశ వర్తకులకు మాట యిచ్చెను. శాస్త్రమొక తీరున, రేవు మరియొక తీరున నడచినవి. 1870 దశకము వచ్చుసరికి పోతం జానకమ్మ అను తెలుగు స్త్రీ భర్తతో కూడ ఇంగ్లండునకు పోయివచ్చి, ఆ దేశమును తెలుగున వర్ణించినది. దాని ఆంగ్ల రూపము 1876లో చెన్నపట్టణమున అచ్చయినది. ఆ కాలమున గృహిణి యొకతె సముద్రము దాటుటయే ఒక సాహసము. దాటివచ్చి పుస్తకము వ్రాయుట అంతకు మించినది.

ఇక మన యాత్రాసాహిత్యమున తప్పక చదువవలసిన గ్రంథము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఉద్యోగి. 1830 మే 18వ తేది మంగళవారము బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదిని ఇల్లు చేరెను. పదునైదు మాసముల పదునైదు దినముల ఈ ప్రయాణమును పైయధికారులవద్ద సెలవు పుచ్చుకొనియే చేసినాడు గనుక, ఇది ఉద్యోగి సెలవు యాత్రయే యనవచ్చును. అయినను నేటి ఉద్యోగి పెట్టె సర్దుకొని రైలెక్కుటకును దీనికిని పోలిక లేదు. పల్లకీలు, బోయీలు, బంట్రోతులు, వంటవారు కలసి సుమారు నూరుమంది పరివారము. నాటిదినమునకు నాడు ఎన్ని కోసులు నడచినది, ఏ ఊర ఏ వస్తువు దొరకినది, నీరు మంచిదా చెడ్డదా, బాట ఇసుకయా రాయియా – అన్నియు వ్రాసికొని మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండెను. ఆ వ్రాతలే వీరాస్వామయ్యగారి మరణానంతరము 1838లో పిళ్లగారి పూనికచే గ్రంథమైనవి. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి తిరిగి అచ్చు వేయించిరి.

ఈ యాత్ర ఎన్ని ప్రభుత్వముల నేలమీదుగా సాగినదో చూడుడు. తిరుపతి, కడప కుంఫిణీవారివి. అహోబిలము, శ్రీశైలము వైపు కందనూరు నవాబు అధికారము. శ్రీశైలమునకు వచ్చు యాత్రికులవద్ద ఆ నవాబు పన్ను గైకొనుట వీరాస్వామయ్యగారు వ్రాసినారు. కృష్ణ దాటగనే నైజాము రాజ్యము. హైదరాబాదు దాటి ఉత్తరమునకు పోగా నాగపురపు భోసలేల రాజ్యము. పిదప జబ్బల్పూరు మొదలు మరల కుంఫిణీ. ప్రయాగలోను, గయలోను, పూరీ జగన్నాథములోను యాత్రికుల పన్ను కుంఫిణీయే వసూలు చేయుచుండెను. 1840లో గాని అది రద్దు కాలేదు. ఇన్ని రాజ్యములు మారినను, ఇన్ని చోట్ల రొక్కము చెల్లించినను, కాశీకి పోవుచున్నవాడు పరదేశమునకు పోవుచున్నానని అనుకొనలేదు. నదీస్నానమున చెప్పు సంకల్పమే దీనికి నిదర్శనము. అందు కర్త తాను జంబూద్వీపమున, భరతఖండమున, మేరువునకు దక్షిణమున, శ్రీశైలమునకు ఫలానా దిక్కున ఉన్నానని చెప్పుకొనును. ఆ విలాసమున నవాబు పేరు లేదు, కుంఫిణీ పేరును లేదు.

రైలు వచ్చిన పిదప ఈ లెక్క తారుమారైనది. దక్షిణదేశమున మొదటి రైలు 1856 జూలై 1న రాయపురమునుండి ఆర్కాటువైపు నడచెను. 1900లో రాజమహేంద్రవరమున గోదావరిపై వంతెన అమరగా, చెన్నపట్టణము కలకత్తాలు ఒకే యినుప బాటపైకి వచ్చినవి. వీరాస్వామయ్యగారు మాసముల తరబడి నడిచిన దూరము దినములలోనికి కుదించుకొనిపోయినది. దూరము తగ్గినది గాని హద్దులు తగ్గలేదు. మునుపు సంకల్పమున లేని హద్దులు టిక్కెట్టులోను, సుంకపు చౌకీలోను, సర్కారు చట్టములోను చొరబడినవి. ఎట్లనగా, 1930లో ఒక గోదావరి తీరవాసికి సెలవు దొరికినదనుకొందము. అతని ముందున్న మూడు బాటలను పోల్చి చూతము.

మొదటిది రంగూను బాట. మనవారు దానిని ‘రంగం’ అనిరి. కాకినాడలో పొగయోడ ఎక్కి, బంగాళాఖాతము దాటి, కొలది దినములలో రంగము చేరవచ్చును. 1886 మొదలు బర్మా భారతదేశములో ఒక రాష్ట్రముగా నుండెను. కనుక చట్టము దృష్టిలో ఇది స్వదేశ ప్రయాణము. పాసుపోర్టు లేదు, రూపాయి ఒకటే, సర్కారు ఒకటే.

రెండవది యానాము బాట. కాకినాడకు ఇరువది మైళ్ల లోపున, గోదావరి పాయ ఒడ్డున, అదే తెలుగు మాటలాడు ఊరు. కాని అది ఫ్రెంచివారి నేల. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము 1930 ఏప్రిల్ 1 నుండి అమలుకు రాగా, పదునాలుగేండ్లు నిండని బాలికలకు వివాహము చేయ దలచినవారు పెండ్లివారితో, మేళముతో సరిహద్దు దాటి యానామునకు పోయి ముడివేయించుకొని వచ్చిరి. ఆ ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. ఈ పరదేశయాత్రకు పట్టిన కాలము ఒక పూట. చట్టము తప్పించుకొనుటకు పోవుట మెచ్చదగిన పని కాదు. ఆ బాలికలలో ఎందరు బాల్యముననే సంసారభారము మోసిరో తలచినచో కల్యాణపురమను పేరు చెవికి ఇంపుగా వినబడదు. సరిహద్దు ఎంత దగ్గరగా నున్నను ఎంత పని చేయగలదో చూపుటకే దీనిని ఉదాహరించితిని.

మూడవది బెజవాడనుండి ఖమ్మము బాట. 1889 నుండియు రైలు కలదు. ఇరుప్రక్కల తెలుగు పొలములే, తెలుగు ఇంటిపేర్లే. అయినను నైజాము ఎల్ల దాటగనే కరోడ్‌గిరీవారు మూటలు విప్పించి సుంకమడుగుదురు. అచ్చటి నాణెము హాలీ సిక్కా. ఆరు ఇంగ్లీషు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. తపాలా బిళ్లలు వేరు. మేనమామ ఇంటికి పండుగకు పోవువాడు దారిలో డబ్బు మార్చుకొనవలసి వచ్చినచో దానిని స్వదేశ ప్రయాణమందుమా, పరదేశ ప్రయాణమందుమా? 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలసిన పిదపనే ఈ చిక్కు క్రమముగా విడినది. యానాము 1954లో మన పాలనకు వచ్చెను. ఫ్రాన్సు ఒప్పందము పూర్తిగా అమలైనది 1962లో.

కనుక 1930లో సముద్రము దాటిన రంగము ఇల్లు. కాలువగట్టు వెంట నడచిపోదగిన యానాము పరాయిదేశము. ఈ విపరీతము చిరకాలము నిలువలేదు. దాని ఫలితమును ఎక్కువగా అనుభవించినవారు రంగము పోయిన తెలుగువారు.

ఆ జనులు విహారమునకు పోయినవారు కారు. విశాఖ, గంజాము, గోదావరి మండలములనుండి మేస్త్రీలు బయానా ఇచ్చి తీసికొనిపోయిన కూలీలు. రంగూను రేవున బస్తాలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. గోదావరి ముఖమున నుండిన కోరంగి రేవు పేరుమీదుగా బర్మావారు తెలుగువారిని ‘కోరంగీ’లని పిలిచిరి, కోరంగి 1839 నాటి తుపానుకు నాశనమైనను పేరు మాత్రము సముద్రమున కావలనే నిలిచినది. 1931 నాటికి రంగూను జనములో సగమునకు పైబడినవారు భారతీయులే. పెండ్లికి, పండుగకు, తల్లిదండ్రుల కర్మకు మనవారు ఓడయెక్కి ఊరికి వచ్చుచు, రాళ్లయుంగరములు, లక్కపెట్టెలు తెచ్చుచుండిరి. రంగమునుండి వచ్చిన మనియార్డరుతో ఇల్లు నిలిచిన కుటుంబములు కళింగాంధ్రమున లెక్కకు మిక్కిలి. అయితే 1930 మే మాసమున రంగూను రేవులో పనికై బర్మా కూలీలకును తెలుగు కూలీలకును ఘోరమైన కొట్లాట జరిగినది. అప్పటికి కాగితముపై అది స్వదేశమే. స్థానికుల మనస్సున మాత్రము అంతకు ముందే పరదేశమై యుండెను.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరు చేయబడినది. ముందునాటి రాత్రి స్వదేశమున నిదురించిన లక్షలమంది మరునాడు విదేశమున మేల్కొనిరి. ఎవ్వరును ఒక అడుగు కదలలేదు. 1941లో ఉభయ ప్రభుత్వములు వలసను అదుపులో నుంచుటకు ఒడంబడిక చేసికొనినవి. అంతవరకు టిక్కెట్టు మాత్రము కొనుక్కొని పోయినవారికి అనుమతి పత్రముల ప్రసక్తి వచ్చినది. ఆ సంవత్సరమే డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. ఓడలు చాలలేదు. లక్షలమంది అరకాను కనుమల మీదుగాను, మణిపురపు కొండల మీదుగాను కాలినడకన బయలుదేరిరి. కలరాతో, మన్యపు జ్వరముతో, ఆకలితో దారిలో రాలిపోయినవారు వేలకు వేలు. ఆ దారిన నడచివచ్చిన ముసలివారి నోట ఆ కథ విన్న పల్లెలు ఉత్తరాంధ్రమున పెక్కు కలవు. ఆ కథలను ఊరూర గ్రంథాలయములు వ్రాయించి భద్రపరచి యుండినచో ఎంత బాగుండెడిది!

యుద్ధానంతరము కొందరు మరల పోయిరి. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైనది. 1962లో సైన్యము అధికారమును చేపట్టగా, 1964లో అంగళ్లు, వ్యాపారములు జాతీయము చేయబడినవి. లక్షకు మించిన భారతీయులు ఓడలలో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము వద్ద బర్మా క్యాంపు అను పేట వారి జ్ఞాపకమును ఇప్పటికిని మోయుచున్నది. ప్రభుత్వ పత్రములందు వారు ‘స్వదేశమునకు తిరిగివచ్చినవారు’. వారిలో ఎందరో రంగములో పుట్టినవారు. తెలుగు నేలను ఓడ దిగినప్పుడే మొదటిసారి చూచినవారు. వారికి ఈ రాక ఇల్లు చేరుటయా, పరదేశమునకు పోవుటయా యని ఏ పత్రమున వ్రాయగలరు?

పాసుపోర్టు విషయము కొంచెము చెప్పవలెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ కొంతకాలము పాసుపోర్టు సర్కారు దయతో ఇచ్చునదిగానే యుండెను. ఇచ్చుట, నిరాకరించుట అధికారుల ఇష్టము. 1967 ఏప్రిల్ 10న సుప్రీముకోర్టు ఒక తీర్పులో, విదేశమునకు పోవుట మనుష్యుని స్వేచ్ఛలో భాగమనియు, చట్టము లేక ప్రభుత్వము దానిని అడ్డగింపరాదనియు చెప్పినది. అధికసంఖ్యాక న్యాయమూర్తుల పక్షమున దానిని వ్రాసినవారు నాటి ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారు, కోకా సుబ్బారావుగారు. ఆ మరునాడే వారు పదవిని త్యజించిరి. ఆ తీర్పు ఫలముగనే అదే సంవత్సరమున పాసుపోర్టుల చట్టము వచ్చినది. సెలవనగా పైవాని దయ యను పాత అర్థము ఆ దినమున కొంత పలుచబడినది.

అయినను పాసుపోర్టు కూడ పరిపూర్ణమైన కొలబద్ద కాదు. పశుపతినాథుని, ముక్తినాథుని దర్శింప నేపాళమునకు పోవు మనవారికి అది అక్కరలేదు. నేపాళము వేరు దేశమే. కైలాసమానస సరోవరములు మన పురాణములలో ఇంటిదేవుని గదివంటివి. అచ్చటికి పోవలెనన్న పాసుపోర్టు, చైనావారి వీసా రెండును కావలెను. 1962 యుద్ధముతో మూతపడిన ఆ బాట 1981లో మరల తెరువబడినది. శాస్త్రము చెప్పు దేశమును సర్కారు చెప్పు దేశమును నేటికిని ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండవు.

ఉద్యోగుల సెలవు యాత్రా రాయితీ విషయమున ఈ తగవు న్యాయస్థానము కెక్కినది. కేంద్రప్రభుత్వము 1956లో ఉద్యోగి తన స్వగ్రామమునకు పోయివచ్చుటకు ఛార్జీలిచ్చు పద్ధతి పెట్టినది. అనగా సర్కారువారి మొదటి ఆలోచనలో సెలవనగా ఇంటికి పోవుటయే. పిదప దేశములో ఏ చోటికైనను పోవచ్చునని విస్తరించిరి. కొందరు బ్యాంకు ఉద్యోగులు ఢిల్లీనుండి మదురై, అచ్చటినుండి కొలంబో, కౌలాలంపూరు, సింగపూరు చూచి తిరిగివచ్చి, మదురై భారతదేశమున నున్నది గనుక ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపు చెల్లునని వాదించిరి. చాతుర్యమును మెచ్చుకొనవలసినదే. 2022 నవంబరు 4న సుప్రీముకోర్టు ఒప్పుకొనలేదు. రాయితీ భారతదేశములో ఒక చోటినుండి మరియొక చోటికి దగ్గరి బాటన పోవుటకే గాని, నడుమ విదేశము చొప్పించుటకు కాదని తేల్చినది. బౌధాయనుని ఇష్టి స్థానమున ఇప్పుడు ఆదాయపు పన్ను వచ్చినది.

ఇప్పుడు మన పల్లెల పిల్లలు అమెరికాలో స్థిరపడుచున్నారు. అచ్చటి దేవాలయములలో పురోహితులు సంకల్పమున జంబూద్వీపమునకు మారుగా క్రౌంచద్వీపమని చెప్పుచున్నారు. విలాసము మార్చుకొనుటకు సంకల్పము సిద్ధముగనే యున్నది. వారు సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు, అమెరికా పౌరసత్వము తీసికొనినవారి చేతిలో విదేశీయ భారత పౌరుడను కార్డు ఉండును. మొదటి కార్డులు 2006 జనవరిలో హైదరాబాదుననే అందజేయబడినవి. కార్డు గలవాడు ఎన్నాళ్లయినను ఊరనుండవచ్చును. ఓటు మాత్రము లేదు. తండ్రి దున్నిన మాగాణిని వారసత్వముగా పొందవచ్చును; ఆ గట్టునానుకొని యున్న ప్రక్క ఎకరమును కొనుటకు మాత్రము చట్టము ఒప్పుకొనదు.